చల్లదనం లెక్క

దోహాలో నువ్వు చేసే పనేమిటని ఊళ్ళో ఎవరైనా అడిగితే, "వేడిని ఒకచోట ఎత్తి ఇంకోచోట పారబోస్తాను" అని చెబుతాను. నవ్వుతారు గానీ, అంతకన్నా సరైన జవాబు నాకు ఇంతవరకూ దొరకలేదు. చలి అనేది తయారయ్యే వస్తువు కాదు. గోడకున్న ఏసీ అయినా, వంటింట్లో ఫ్రిజ్ అయినా, పెర్ల్ దీవిలోని మేడలన్నిటికీ గొట్టాల్లో చల్లనీళ్ళు పంపే ఆ పెద్ద కర్మాగారమైనా చేసే పని ఒక్కటే: లోపలి వేడిని మోసుకుపోయి బయట దింపడం. ఆ కర్మాగారం సామర్థ్యం 1,30,000 టన్నులు. ఇక్కడ టన్ను అంటే బరువు కాదు. ఒక టన్ను మంచుగడ్డ 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో అంత. మంచుగడ్డలను బండ్ల మీద అమ్ముకున్న రోజుల నాటి కొలత, ఇప్పటికీ మా వృత్తిలో చెలామణీ అవుతూనే ఉంది.

జగిత్యాల దగ్గరి పల్లె మాది. ఐటీఐలో ఏసీ పని నేర్చుకుని 2006లో ఇక్కడికి వచ్చాను. మా వైపు పని కోసం ఊరు వదిలేవాడికి మూడే దారులని చెప్పుకుంటారు: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. ఖతార్‌కు వచ్చినా, కువైట్‌కు వచ్చినా మా అవ్వ లెక్కలో అది దుబాయే. "మావోడు దుబాయిల దోహాల ఉంటడు" అని ఇప్పటికీ చెబుతుంది. నేను సరిచేయడం మానేశాను.

ఇంటి వృత్తి మాత్రం వేరు. మేము గీత పనివాళ్ళం. మా తాత, ఆయన తండ్రి, మా బాపు, అందరూ నడుముకు ముత్తాదు, భుజాన మోకు వేసుకుని తెల్లారకముందే చెట్లకు పోయినవాళ్ళే. మాకు తాళ్ళు తక్కువ, ఈతచెట్లు ఎక్కువ. నాకు పదమూడేళ్ళప్పుడు ఒకసారి మోకు తీసుకుని చెట్టు దగ్గరికి పోతే బాపు దాన్ని నా చేతిలోంచి లాక్కున్నాడు. "నువ్వు ఎక్కద్దు బిడ్డా. ఇది నాతోనే ఆఖరు" అన్నాడు. ఏజెంటుకు కట్టాల్సిన డబ్బు కోసం ఎకరం పొలం తాకట్టు పెట్టినప్పుడు కూడా ఆ మాటే మళ్ళీ అన్నాడు. అలా చెట్టు ఎక్కాల్సినవాణ్ణి మేడల మీది ఏసీ యంత్రాల దగ్గరికి నిచ్చెనలు ఎక్కుతున్నాను. ఎత్తు తగ్గిందేమీ లేదు. 

కల్లు గురించి తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పాలి. ఈతచెట్టుకు మొవ్వు కింద, మెడ దగ్గర గాటు పెడతారు. తాటిచెట్టుకైతే గెలలను గీస్తారు. కారిన ఊట చుక్కచుక్కగా లొట్టిలో పడుతుంది. చెట్టులోంచి వచ్చేటప్పుడు అది ఉత్త తీపినీళ్ళు. గాలిలోనూ, నిన్నటి లొట్టి గోడల్లోనూ ఉండే ఈస్టు దానిలో పడ్డ క్షణం నుంచే పని మొదలుపెడుతుంది. చక్కెరను తిని మత్తునూ, గాలినీ వదులుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఆ పని ఆగుతుంది, అప్పుడది నీరా. హైదరాబాదులో 2023లో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ పెట్టారు కదా, అక్కడ పోసేది అదే. దాన్ని చెట్టు దిగిన దగ్గర్నుంచీ చల్లగా ఉంచాలి, లేకపోతే దారిలోనే కల్లయిపోతుంది. ఆలోచిస్తే నీరాకూ కల్లుకూ మధ్య ఉన్న తేడా కొంచెం సున్నం, కొన్ని డిగ్రీలు.

బాపు దగ్గర థర్మామీటరు లేదు. లొట్టి పొట్ట మీద అరచెయ్యి ఆనించి చూసేవాడు. తరవాత మూతి దగ్గర చెవి పెట్టేవాడు. లోపల చిటపటమనే చప్పుడు బట్టి, "ఇంక గంట ఆగుతది", "ఇది ఇప్పుడే తాగాలె" అని చెప్పేవాడు. తీపి కావాలన్నవాళ్ళు పొద్దున్నే రావాలి, మత్తు కావాలన్నవాళ్ళు పొద్దెక్కాక రావాలి, పులుపు కోరేవాళ్ళు ఇంకా ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదు. అదే లొట్టి, అదే చెట్టు. మారేది వేడి, గంటలు. ఎండాకాలం సైకిలు మీద పక్క ఊరికి లొట్లు తీసుకుపోయేటప్పుడు ఈతాకులు మూతికి దోపి, తడిగుడ్డ చుట్టేవాడు. గుడ్డ ఆరితే చాలు, నురగ పొంగి సైకిలు కారియర్ అంతా పారేది. మట్టికుండ చెమట పట్టి చల్లబడుతుందనీ, ఆ నీరు ఆవిరైపోతూ వేడిని ఎత్తుకుపోతుందనీ ఐటీఐలో బోర్డు మీద రాసినప్పుడు నేను రాసుకోలేదు. మాకది పాఠం కాదు, ఇంటి సంగతి. అన్నట్టు ఆ తడిగుడ్డ ఉపాయం దోహాలో అన్ని నెలల్లోనూ పనిచేయదు. జూన్‌లో ఉత్తరపు గాలి పొడిగా కొడుతుంది, కుండ చల్లబడుతుంది. ఆగస్టులో గాలే తడిసిన గోనెలా ఉంటుంది, అందులోకి ఇంక ఏ ఆవిరీ పోదు.

2011 నవంబరులో బాపు చెట్టు మీంచి పడ్డాడు. పెద్ద ఎత్తేమీ కాదు, రెండు నిలువుల పైన ఉంటుంది. మోకు జారింది. తుంటి ఎముక విరిగింది. కరీంనగర్ ఆసుపత్రిలో చేర్చామని ఫోన్ వచ్చింది. అప్పట్లో ఖతార్ నుంచి కదలాలంటే యజమాని సంతకంతో ఎగ్జిట్ పర్మిట్ కావాలి. సంతకం పెట్టాల్సినాయన దేశంలో లేడు. ఆయన తిరిగొచ్చేదాకా తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ నేను ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చేపల గోదాములో పనిచేశాను. మైనస్ 18 డిగ్రీల గది, తలుపు రబ్బరు పోయి చలి కారిపోతోంది. రోజూ ఆ గదిలోకి పోవడం, వేళ్ళు మొద్దుబారగానే బయటికి రావడం, ఫోన్ చూసుకోవడం. మా మేస్త్రీ కేరళ ఆయన, ఆయన కూడా ఆ తొమ్మిది రోజులూ నాతో పని గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. అదొక మర్యాద. ఆ ఎగ్జిట్ పర్మిట్ పద్ధతిని చాలామందికి 2018లో తీసేశారు, 2020లో ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు కూడా. కొత్తగా వచ్చే కుర్రాళ్ళకు చెబితే నమ్మరు, "అట్ల కూడ ఉంటదా అన్నా" అంటారు.

నేను ఆసుపత్రికి చేరేసరికి బాపు మంచం మీద ఉన్నాడు. నన్ను చూసి అడిగిన మొదటి మాట, "చెట్లు ఎవరు గీస్తున్రు?" గాటు పెట్టిన చెట్టును రోజూ గీయాలి. వదిలేస్తే ఆ గాయం ఆరిపోతుంది, ఊట ఆగిపోతుంది. ఏడాదంతా చేసుకున్న చాకిరీ నాలుగు రోజుల్లో పోతుంది. ఇంటికి ఒక్కడే కొడుకు, వాడికేమో గీయడం రాదు. గీయడం రాకుండా పెంచింది ఆయనే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం పైకి అనలేదు. మా చిన్నాయన కొడుకు రెండు నెలలు గీశాడు, తరవాత ఆయనా మానేశాడు. బాపు మళ్ళీ చెట్టెక్కలేదు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య పేరు మీద రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తాళ్ళు, నడుంకట్టు, జారినా మనిషి కింద పడకుండా పట్టుకునే ఏర్పాటు. టీవీలో అది చూసి బాపు ఫోన్ చేశాడు. "మంచిగున్నదిరా" అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు.

ఇప్పుడు అమెరికా సంగతి. మిషిగన్‌లో ఉండే మా చిన్నమ్మ కొడుకు 2021లో ఒకరోజు ఫోన్ చేసి, "అన్నా, బీరు కాస్తున్న" అన్నాడు. ఇంట్లో బీరు కాచుకోవడాన్ని అక్కడ 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టం ఒప్పుకుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఇద్దరుంటే ఏడాదికి 200 గ్యాలన్ల దాకా కాచుకోవచ్చు, అమ్మకూడదు. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు మాత్రం 2013 దాకా కాదన్నాయి. మావాడు మొదట సీసాల్లో పట్టేవాడు. సీసాలు కడగలేక విసిగి కెగ్గులకు మారాడు. ఒకప్పుడు కూల్‌డ్రింకుల కంపెనీలు వాడి వదిలేసిన స్టీలు డబ్బాలు, ఒక్కోటి 19 లీటర్లు. నిలువు డీప్ ఫ్రిజ్ కాదు, పైకి మూత తెరుచుకునే పెట్టె ఫ్రీజరు కొని, మూత కింద చుట్టూ చెక్క బిగించి, ఆ చెక్కకు కుళాయిలు పెట్టాడు. అందంగానే ఉంది. సమస్య ఏమిటంటే గ్లాసు పెడితే గుక్కెడు బీరు, బెత్తెడు నురగ.

"ఎంత చల్లగ పెట్టినవ్ తమ్మీ?"

"మూడు డిగ్రీలు అన్నా. డబ్బా మీద కనవడ్తున్నది."

"డబ్బా మాట పక్కన పెట్టు. వరసగ మూడు గ్లాసులు పట్టి ఒక్కొక్కటి కొలిచి చెప్పు."

పదకొండు, ఏడు, నాలుగు. రోగం అక్కడే దొరికింది. చల్లగాలి బరువు, పెట్టె అడుగున కూర్చుంటుంది. కెగ్గు కాళ్ళు మంచులో, కుళాయి గొట్టాలేమో పైన మూత కింది వెచ్చదనంలో. బీరులో కరిగి ఉన్న గ్యాసు చల్లదనంలో ఒద్దికగా ఉంటుంది, వెచ్చటి గొట్టంలోకి రాగానే బయటికి దూకుతుంది. సైకిలు మీద బాపు లొట్టికి జరిగిందీ అదే. పాత కంప్యూటర్‌లోంచి పీకిన చిన్న ఫ్యాను అడుగున పెట్టి గాలిని పైకి తోలమన్నాను. ఉష్ణోగ్రత చూసే తీగ గాలిలో వేలాడుతోందట. దాన్ని కెగ్గు నడుముకు ఆనించి, పైన స్పాంజి ముక్క పెట్టి టేపు వేయమన్నాను. గాలిని నమ్ముకుంటే మూత తెరిచినప్పుడల్లా కంప్రెసరు లేస్తుంది, మూత వేయగానే పడుకుంటుంది. అలా నిమిషానికోసారి లేపితే ఏ కంప్రెసరైనా చస్తుంది. ఆగిన తరవాత కనీసం మూణ్ణాలుగు నిమిషాలు దాన్ని కదిలించకూడదు, లోపల రెండు వైపులా ఒత్తిడి సమానం కావాలి. మనిషి కూడా అంతే అని మా మేస్త్రీ అనేవాడు, డ్యూటీ దిగి వచ్చినవాణ్ణి వెంటనే లేపి ఇంకో పనికి పంపే సూపర్‌వైజర్లను ఉద్దేశించి.

ఇక ఒత్తిడి. మావాడు ఎవరో చెప్పారని గ్యాసును 20 పౌన్ల మీద పెట్టి, గొట్టం నాలుగడుగులకు కోశాడు. మూడు డిగ్రీల దగ్గర 12 పౌన్లు చాలు, వారం పది రోజుల్లో బీరు తనకు కావలసిన గాలిని తాగేస్తుంది. అదే గాలిని 20 డిగ్రీల గదిలో నిలపాలంటే దాదాపు 28 పౌన్లు కావాలి. ఆ 12 పౌన్ల తోపుడును కుళాయి దగ్గరికి చేరేలోపు అణచడానికి సన్నటి గొట్టం పదడుగులన్నా ఉండాలి. పొట్టి గొట్టంలో బీరు పరిగెత్తుకొచ్చి గ్లాసుకు గుద్దుకుంటుంది. ఇదంతా నేను ఫోన్‌లో చెబుతుంటే వాడు రాసుకున్నాడు. పదేళ్ళు కంప్యూటర్లతో పనిచేసినవాడు నా మాట రాసుకోవడం నాకు బాగానే అనిపించింది, దాచుకోవడం ఎందుకు. ఇంకో మాట కూడా చెప్పాను: అన్నిటినీ మూడు డిగ్రీల్లో పెట్టకు. పల్చటి లాగర్‌కు అది సరే. నల్లగా చిక్కగా కాచినదాన్ని పది డిగ్రీల దగ్గర తాగితేనే దాని రుచి నాలుకకు తగులుతుంది. మరీ చల్లనిదేదైనా నాలుకను మొద్దుబారుస్తుంది. రుచి బాగాలేని సరుకును గడ్డకట్టించి అమ్మేది అందుకే.

వింత ఏమిటంటే ఆ బీరును నేను చూసింది ఫోన్‌లోనే. ఖతార్‌లో ఇంట్లో ఏది కాచినా నేరం. బీరు, సారా, కల్లు అనే తేడా లేదు. జైలు, ఆపైన దేశం నుంచి పంపేయడం. పెద్ద హోటళ్ళలో దొరుకుతుంది, పర్మిట్ ఉన్నవాళ్ళకు దుకాణం ఉంది. నేను పర్మిట్ తీసుకోలేదు. పొలం విడిపించుకున్న మనిషిని, ఒక లొట్టి కోసం పోగొట్టుకునేదేమిటో నాకు తెలుసు. 2022లో ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ అప్పుడు ఊరంతా దీని మీదే మాటలు. నవంబరు 20న మొదటి ఆట. స్టేడియాల చుట్టూ బీరు అమ్మకాలు ఉండవని 18న ప్రకటించారు. మత్తు లేని బీరు మిగిలింది. అభిమానుల కోసం పెట్టిన మైదానంలో మాత్రం సాయంత్రాలు అరలీటరు 50 రియాళ్ళకు అమ్మారు. అప్పటికి ఇక్కడి చట్టం నిర్ణయించిన కనీస వేతనం నెలకు 1000 రియాళ్ళు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి మా గదిలో ఒకతను చాలాసేపు నవ్వాడు. ఎనిమిది స్టేడియాల్లో 974 తప్ప మిగతా ఏడింటికీ చల్లగాలి ఏర్పాటు ఉంది. కుర్చీల కింద నుంచి గాలి వచ్చేది. బీరు సంగతి నాకు పట్టలేదు గానీ, ఆకాశం కింద బోర్లా తెరిచిన గిన్నెలో చల్లగాలిని నిలబెట్టారే, అది చూడటానికి మాత్రం టికెట్టు కొనుక్కుని పోయాను.

2024 జనవరిలో బాపును విజిట్ వీసా మీద తీసుకొచ్చాను. కర్ర ఆనించుకుని కార్నిష్ మీద నడిచాడు. సముద్రాన్ని ఒకసారి చూశాడు, మేడలను ఒకసారి చూశాడు. ఆ తరవాత ఖర్జూరం చెట్ల దగ్గర ఆగిపోయాడు. ఈతకూ ఖర్జూరానికీ ఇంటిపేరు ఒకటే, ఒకే జాతి చెట్లు. బాపుకు అది ఎవరూ చెప్పనక్కర్లేదు. బోదె మీద చెయ్యి పెట్టి పైకి చూసి, "గాటు లేదేందిరా? గియ్యరా దీన్ని?" అన్నాడు.

"గియ్యరు బాపు. పండ్లకే."

"ఇన్ని చెట్లు, ఒక్కటి గూడ గియ్యరు?"

ట్యునీషియాలో గీస్తారట అని చెప్పాను. మాతో పనిచేసే అక్కడి మనిషి దాన్ని లగ్మి అంటాడు, పొద్దున తాజాగా తాగితే తేనె, సాయంత్రానికి మత్తు. అక్కడ తల మీద మట్టలన్నీ నరికి మొవ్వు దగ్గరే గీస్తారని, పొరపాటు జరిగితే చెట్టు చస్తుందని కూడా చెప్పాను. బాపు మొహం ముడుచుకున్నాడు. "మొవ్వు ముట్టద్దు. అది గీసుడు కాదు, గొంతు కోసుడు" అన్నాడు. అటుగా పోతున్న ఒక ఫిలిప్పీన్స్ జంట ఆగి, చెట్టుతో మాట్లాడుతున్నాడనుకున్నారేమో, నవ్వుతూ ఫోటో తీసుకున్నారు.

ఊళ్ళో కల్లు సంగతి ఎత్తితే మాత్రం ఆయనకు కోపం వస్తుంది. చెట్లు తగ్గాయి, తాగేవాళ్ళు తగ్గలేదు. మిగిలిన తేడాను మందుపొడులతో పూడుస్తున్నారు. క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, అల్ప్రాజోలం. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి జనం చచ్చిపోయిన వార్త వచ్చినప్పుడు, "చెట్టు ఎన్నడన్న మనిషిని చంపిందా?" అని ఫోన్‌లో అరిచాడు. తుంటి విరిగిన మనిషి అడిగిన మాట అది.

జనవరిలో బాపు నజ్మాలో మా గదిలో ఉండగానే మిషిగన్ తమ్ముడి ఫోన్ వచ్చింది. స్పీకరు పెట్టాను. కెగ్గులు చూపించాడు, గ్యాసు బండ చూపించాడు. బాపు కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఆ బండ దేనికి?" అన్నాడు.

"బీరుల గాలి ఎక్కియ్యడానికి పెద్దబాపూ."

"గాలి మనం ఎక్కిచ్చుడేందిరా? అదే పుట్టిస్తది గద."

తమ్ముడు నా మొహం చూశాడు. ఆ మాట నిజమే. పులిసిన బీరును కెగ్గులో పోసి, గుప్పెడు చక్కెర వేసి మూసేస్తే మిగిలిన ఈస్టు ఆ చక్కెరను తిని కావలసిన గాలిని అదే పుట్టిస్తుంది. మూత బిగుసుకోవడానికి మొదట ఒక్క ఊపు గ్యాసు కొట్టాలి, అంతే. రెండు వారాలు ఇరవై డిగ్రీల దగ్గర వదిలేయాలి, ఆ తరవాతే చల్లపెట్టాలి. తమ్ముడికి ఉత్సాహం వచ్చింది గానీ వాళ్ళ బేస్‌మెంటులో ఆ రోజు పదమూడు డిగ్రీలు. బయట మంచు. ఆ చలిలో ఈస్టు ముడుచుకుని పడుకుంటుంది. చలికాలం కల్లు తియ్యగా ఉండేది అందుకేనని బాపు వెంటనే అందుకున్నాడు.

ఫ్రీజరు పెట్టె వేడిని లోపలికి రానివ్వదు అంటే, బయటికి పోనివ్వదు అని కూడా. దాన్నే వాడుకో, కంప్రెసరు తీసేసి ఆ కంట్రోలర్‌కున్న రెండో ప్లగ్గులో చిన్న హీటరు పట్టీ పెట్టు, ఇరవైకి సెట్ చెయ్యి అన్నాను. పద్దెనిమిదేళ్ళు చల్లబెట్టడమే పనిగా బతికిన నన్ను వాడు వెచ్చబెట్టమని అడుగుతున్నాడు. పట్టీ రావడానికి నాలుగు రోజులవుతుందట. 

"అప్పటిదాక గడ్డి పరిచి దాంట్ల పెట్టు, మీద గోనెసంచి కప్పు" అన్నాడు బాపు.

"అన్నా, గోనెసంచిని ఇంగ్లీషుల ఏమంటరు?"

బర్లాప్ అంటారని నేను చెప్పేలోపే బాపు ఫోన్ దగ్గరికి జరిగాడు. గోనె తడిది తేవద్దని, తడిదైతే ఇంకా చల్లబడుతుందని, ఎండకు ఆరిన పొడిది చూసుకోమని వాడికి చెబుతున్నాడు.